పాలు పొదుగులో ఎలా తయారవుతాయి: అపోహలు – వాస్తవాలు

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పాలు తగ్గాయంటే ముందు గుర్తొచ్చేది సూది, ఆ తర్వాత చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి). పాలు తయారయ్యేది మాత్రం పొదుగు లోపలి చిన్న చిన్న తిత్తుల గోడల్లో ఉండే కణాల్లో. ఆ కణాల పనిని నడిపేవి కొన్ని ప్రొటీన్లు. అవి దేనికి కదులుతాయో, దేనికి ఆగుతాయో తెలిస్తే అనవసరపు ఖర్చు చాలా తప్పుతుంది.

అపోహ: ఆక్సిటోసిన్ సూదితో పాలు పెరుగుతాయి.

వాస్తవం: ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పాలను తయారు చేయదు. తిత్తుల చుట్టూ ఉన్న కండర కణాలను బిగించి, అప్పటికే తయారైన పాలను కిందికి దింపుతుంది. మనం చేపడం అనేది ఇదే. పొదుగును గోరువెచ్చని నీళ్లతో కడిగి నిమిషం సేపు నిమిరినా, దూడను విడిచినా ఆవు మెదడే ఈ హార్మోన్‌ను వదులుతుంది. ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి ఆరేడు నిమిషాల్లో పిండడం ముగించాలి. కొడితే, బెదిరిస్తే భయంతో వచ్చే అడ్రినలిన్ హార్మోన్ అడ్డుపడి చేపు ఆగిపోతుంది. రోజూ సూదికి అలవాటైన ఆవు అది లేకపోతే చేపదు. పాల కోసం పశువుకు హాని చేసే సూది వేయడం 1960 జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా.

పాల తయారీకి ఆదేశం ప్రోలాక్టిన్ అనే హార్మోన్ నుంచి వస్తుంది. అది కణాన్ని తాకితే లోపల స్టాట్‌5 అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి కేసిన్ (పాలలోని ముఖ్యమైన ప్రొటీన్) జన్యువులను పనిలో పెడుతుంది. ఎంటార్ అనే ఇంకో ప్రొటీన్ అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులు అరిగితే వచ్చేవి), ఇన్సులిన్ సరిపడా ఉంటేనే ఈ తయారీ వేగం పెంచుతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్లే. దాని మీదే నిలబెట్టిన ఆవులో ఎంటార్ చల్లబడే ఉంటుంది.

అపోహ: బెల్లం నీళ్లు తాపితే పాలు పొంగుతాయి.

వాస్తవం: లీటరు పాలకు సుమారు 70 గ్రాముల గ్లూకోజ్ కావాలి. దానితో తయారైన లాక్టోజే (పాలలోని చక్కెర) నీటిని లాగి లీటర్లు పెంచుతుంది. కానీ బెల్లం పెద్ద పొట్టలోనే పులిసిపోతుంది. ఆవుకు గ్లూకోజ్ ఇచ్చేది కాలేయం. దానికి ముడిసరుకు మేత, దాణా పులిసినప్పుడు వచ్చే ప్రొపియోనేట్ అనే ఆమ్లం.

అపోహ: చెక్క పెంచితే వెన్న శాతం పెరుగుతుంది.

వాస్తవం: చాలాసార్లు తగ్గుతుంది. పాల వెన్నలో దాదాపు సగం పొదుగు కణాలే ఎసిటేట్ అనే ఆమ్లం నుంచి తయారు చేస్తాయి, ఎసిటేట్ వచ్చేది పొట్టలో పులిసే పీచు నుంచి. మేత తగ్గించి దాణా, నూనె ఉన్న చెక్క గుమ్మరిస్తే పొట్టలో ఆమ్లం పెరిగి ఒక వేరే రకం కొవ్వు పుడుతుంది. అది కణాల్లో కొవ్వు తయారీని నడిపే ఎస్‌రెబ్‌పి1 అనే ప్రొటీన్‌ను అణిచేస్తుంది. లీటర్లు తగ్గవు, పాల కేంద్రంలో రేటు మాత్రం పడిపోతుంది. నీటి బరువు తీసేసి లెక్కిస్తే, ఆవు తినేదాంట్లో సగమైనా జొన్న చొప్ప, పచ్చిమేత ఉండాలి. దాణాను రెండు మూడు పూటలకు పంచాలి. సరిదిద్దాక కోలుకోవడానికి రెండు వారాలు పట్టొచ్చు.

అపోహ: పొదుగులో కొంచెం వదిలితే మర్నాటికి ఎక్కువొస్తాయి.

వాస్తవం: నిల్వ పాలే తయారీని ఆపుతాయి. తిత్తులు నిండేకొద్దీ కణాలు వదిలే సెరటోనిన్ అనే రసాయనం వాటి పనినే తగ్గిస్తుంది. 18 గంటలు దాటితే కణాల మధ్య అతుకులు వదులై పాలలోకి ఉప్పు దిగుతుంది. దూడ తాగి ఖాళీ చేసినా సరే, నిల్వ మాత్రం ఉండకూడదు.

అపోహ: ఈనే దాకా పిండుకోవచ్చు.

వాస్తవం: 60 రోజులు వట్టిపోనివ్వాలి. పాత కణాలు పోయి కొత్తవి వచ్చేది అప్పుడే. లేకపోతే వచ్చే ఈతలో పాలు గట్టిగా తగ్గుతాయి.