ఎంటెబ్బేలో మధ్యలో ఆపేసిన ఆ క్లాసు దగ్గర్నుంచే ఈ గొడవంతా

ఉగాండా పేరు మళ్ళీ అందరి నోళ్ళలో నానుతోంది. స్వలింగ సంబంధాల మీద కఠినమైన చట్టం తెచ్చిందని 2023 ఆగస్టులో ఆ దేశానికి కొత్త అప్పులు ఆపేసిన వరల్డ్ బ్యాంక్ 2025 జూన్‌లో మళ్ళీ ఇస్తామంది, అదే ఏడాది మొదట్లో అమెరికా తన విదేశీ సాయాన్ని ఒక్క సంతకంతో నిలిపేసింది, మార్చి 4న ట్రంప్ అమెరికా కాంగ్రెస్‌లో నిలబడి ఎవరూ పేరు కూడా వినని లెసోతో అనే ఆఫ్రికా దేశంలో ఎల్‌జీబీటీ ప్రచారానికి 80 లక్షల డాలర్లు ఇచ్చారట అని చదివితే సభలో నవ్వారు కూడా. అప్పట్నుంచి మనవాళ్ళ మధ్య కూడా ఒక ప్రశ్న తరచుగా వింటున్నా. ఆఫ్రికాలో గే కుర్రాళ్ళకి కుట్టుపని, బేకరీ పని, హెయిర్ కటింగ్ నేర్పించడానికి బయటి డబ్బులెందుకు, అది సాయమా ప్రచారమా అని.

ఈ ప్రశ్న ఇప్పుడు పుట్టింది కాదు, దీనికో పుట్టిన రోజు ఉంది. చాలామంది కథని 2009లో ఎంపీ డేవిడ్ బహాటీ స్వలింగ సంబంధాలకి వ్యతిరేకంగా పెట్టిన బిల్లుతో మొదలుపెడతారు, అమెరికా నుంచి వచ్చిన పాస్టర్లు, 2010లో ఫొటోలు పేర్లు అచ్చేసి ఉరి తీయమన్న పత్రిక, 2011 జనవరి 26న గే హక్కుల కార్యకర్త డేవిడ్ కాటో హత్య, ఇవన్నీ ఇప్పటికే బోలెడుసార్లు వచ్చాయి కాబట్టి మళ్ళీ ఏకరువు పెట్టను. నా లెక్కలో అసలు మలుపు 2012 ఫిబ్రవరి 14.

ఆ రోజు ఎంటెబ్బేలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఒక హోటల్లో ఒక ట్రైనింగ్ జరుగుతోంది. ఫ్రీడమ్ అండ్ రోమ్ ఉగాండా అనే లెస్బియన్ల హక్కుల సంస్థ పెట్టింది, కాషా జాక్వెలిన్ నబగెసెరా ముందుండి నడిపిస్తోంది. ఫిబ్రవరి 3 నుంచి 18 దాకా ప్లాన్ చేసుకున్నారు. ఏం నేర్పిస్తున్నారంటే ప్రాజెక్టు ఎలా ప్లాన్ చేయాలి, తమ మాట అధికారుల దాకా ఎలా తీసుకెళ్ళాలి, మానవ హక్కులంటే ఏంటి, నలుగురిని ఎలా నడిపించాలి, చిన్న వ్యాపారం ఎలా చేసుకోవాలి. అంతా బానే నడుస్తుండగా నైతిక విలువల శాఖ మంత్రి సైమన్ లోకోడో, ఆయన ఒకప్పుడు క్యాథలిక్ ఫాదర్, పోలీసుల్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. ఈ మీటింగ్ చట్టవిరుద్ధం, అందరూ ఇళ్ళకి పొండి, కదలకపోతే బలవంతంగా పంపిస్తాం అన్నాడు. కాషాని అరెస్టు చేయించబోతే ఆమె అక్కణ్ణుంచి తప్పించుకుని వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఇంకా నాలుగు రోజుల క్లాసులు మిగిలే ఉన్నాయి.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా చూడండి. ఆ రోజుకి ఉగాండాలో 'ప్రచారం' అనే నేరమే లేదు. బహాటీ బిల్లు పార్లమెంటులో మూలుగుతోంది అంతే, పాస్ కాలేదు. ఉన్నదల్లా పీనల్ కోడ్‌లో 145వ సెక్షన్, బ్రిటిష్ వాళ్ళు వదిలేసి వెళ్ళింది, అది శరీర సంబంధం గురించి మాట్లాడుతుంది తప్ప కుర్చీలో కూచుని జమాఖర్చు రాయడం నేర్చుకోవడం గురించి కాదు. (ఆ సెక్షన్‌కీ మనకీ చుట్టరికం ఉంది, 1930 దాకా అక్కడ నడిచింది మన ఇండియన్ పీనల్ కోడే, అంటే మన 377. మనం దాన్ని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టులో వదిలించుకున్నాం, వాళ్ళకి ఇంకా కుదరలేదు.)

కాషా, తోటి కార్యకర్తలు ఫ్రాంక్ ముగిషా, పెపె ఒన్జీమా, జెఫ్రీ ఒగ్వారో కలిసి హైకోర్టుకి వెళ్ళారు. మేం బతుకుతెరువు గురించి, హక్కుల గురించి నేర్చుకుంటున్నాం, మా భావప్రకటన స్వేచ్ఛ, నలుగురం కూడే హక్కు పోయాయి అన్నారు. మంత్రి వాదన ఏంటంటే అక్కడ స్వలింగ సంబంధాల పుస్తకాలు పంచారు, కండోమ్‌లు పంచారు, జనాన్ని ఆ దారికి తిప్పుతున్నారు అని. 2014 జూన్ 24న జడ్జి స్టీఫెన్ ముసోటా తీర్పు చెప్పాడు, మంత్రి చేసింది సరైందే అని. హక్కులకి హద్దులున్నాయి, ఆ పని నేరం కాబట్టి ఆ పనిని ప్రోత్సహించే ట్రైనింగ్ కూడా పరోక్షంగా చట్టవిరుద్ధమే, ప్రజా ప్రయోజనం కోసం మంత్రి ఆపొచ్చు, స్థూలంగా ఇదీ తీర్పు.

ఇది జరిగిన ఐదు వారాలకి, 2014 ఆగస్టు 1న, రాజ్యాంగ న్యాయస్థానం అంతకుముందు ఫిబ్రవరిలో అధ్యక్షుడు ముసెవెని సంతకం పెట్టిన కొత్త చట్టాన్ని, అంటే బహాటీ బిల్లునే, కోరం (సభలో ఉండాల్సినంతమంది ఎంపీలు) లేకుండా పాస్ చేశారని కొట్టేసింది. ప్రపంచమంతా పండగ చేసుకుంది, పేపర్లన్నీ గెలుపు అని రాశాయి. కానీ ముసోటా తీర్పు ఆ చట్టం మీద కాదు, పాత పీనల్ కోడ్ మీద నిలబడింది, కాబట్టి అది కదల్లేదు. చట్టం పోయింది, ట్రైనింగ్ అంటే ప్రచారమే అన్న మాట మాత్రం కోర్టు ముద్రతో మిగిలిపోయింది. ఇవాళ్టి వాదనలో అవతలి పక్షం వాడే ప్రతి మాటా ఆ తీర్పు నీడలోంచి వచ్చిందే అని నాకు గట్టిగా అనిపిస్తుంది, పోరాడే సంస్థలు కూడా దీన్ని 2009 బిల్లు చెప్పినంత గట్టిగా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అసలు పనులు నేర్పించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. అక్కడ కుర్రాడి సంగతి బయటపడిందంటే ముందు పోయేది చదువు. చాలామంది బోర్డింగ్ స్కూళ్ళలోనే ఉంటారు కదా, స్కూల్ వాళ్ళు పంపించేస్తారు, ఇంట్లో ఫీజులు కట్టడం ఆపేస్తారు, పదహారు పదిహేడేళ్ళకే చేతిలో సర్టిఫికెట్ లేకుండా కంపాలా బస్సెక్కుతాడు. అక్కడ ముజిగో అంటారు, వరసగా కట్టిన ఒంటిగది అద్దె ఇళ్ళు, అందులో దిగాలన్నా ఆ వాడ కౌన్సిల్ చైర్మన్ని కలిసి పరిచయం చేసుకోవాలి. బోడా బోడా తోలుకుందామంటే, అంటే బైక్ ట్యాక్సీ, ఏదో ఒక స్టాండులో మెంబర్ అవ్వాలి, స్టాండులో అందరూ అందరి గురించీ మాట్లాడుకుంటారు. ఒకరి కింద ఉద్యోగం చేయడమంటే ఎప్పుడు తెలుస్తుందో అన్న భయంతో బతకడమే. కాబట్టి సొంత చేతి పని ఒక్కటే దారి.

అందులోనూ ఏ పని నేర్చుకోవాలన్నది వేరే లెక్క. కుట్టుమిషన్ మంచిదే, కానీ రాత్రికి రాత్రి గది ఖాళీ చేయమంటే మిషన్ని భుజాన వేసుకుని పరిగెత్తలేరు. లిక్విడ్ సబ్బు సంగతి చూడండి. ఒక పెద్ద ప్లాస్టిక్ బకెట్, ఒక కర్ర, నురగ కోసం చిక్కటి తెల్లటి పేస్టు లాంటి కెమికల్, ఉప్పు, రంగు, కాస్త సెంటు. పేస్టుని ఒకే వైపు తిప్పుతూ కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తారు, ఉప్పు పడేకొద్దీ చిక్కబడుతుంది, ఎక్కువ పడిందా మళ్ళీ పల్చబడిపోతుంది, అక్కడే చేతికి పని రావాలి. రాత్రంతా కదపకుండా వదిలేస్తే నురగ దిగిపోయి తెల్లారేసరికి తేటగా వస్తుంది. 20 లీటర్ల పసుపు డబ్బాలో పోసుకుని హోటళ్ళకీ సెలూన్లకీ తిరిగి అమ్ముకోవచ్చు. షాపు అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు, ఇవాళ బ్వైసేలో చేసింది రేపు ఇంకో పేటలో చేసుకోవచ్చు. హెయిర్ కట్ మిషన్ కూడా అంతే, సంచిలో పడుతుంది. వచ్చిన పనిని ఎవరూ లాక్కోలేరు అంటాం కదా, వీళ్ళ విషయంలో పనిముట్టు కూడా లాక్కోలేనిదై ఉండాలి.

ఇదే పనిని ఉగాండా ప్రభుత్వమే ఊరూరా నేర్పిస్తోంది. 2017లో అధ్యక్షుడి పేరు మీద కంపాలాలో ఆడపిల్లలకి స్కిల్లింగ్ ప్రాజెక్టు మొదలైంది, టైలరింగ్, బేకరీ, జుట్టు పని, చెప్పుల తయారీ అన్నీ ఉచితంగా. స్కూల్ చదువు లేకపోయినా చేతి పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ విభాగం కూడా ఉంది వాళ్ళకి, నిజంగా మంచి ఏర్పాటు అది. అదే సూది, అదే పిండి, అదే బకెట్, నేర్చుకునే మనిషి మారితే మాత్రం ప్రచారం అయిపోతోంది.

పైగా ముసెవెని స్వయంగా 2013 డిసెంబర్ చివర్లో స్పీకర్‌కి రాసిన ఉత్తరం ఒకటుంది. అందులో గేల గురించి చాలా ఘోరమైన మాటలున్నాయి, అవి ఇక్కడ రాయను, కానీ ఒక చోట డబ్బు కోసం, పేదరికం వల్ల కొంతమంది ఇందులోకి వస్తున్నారని, ఆర్థికంగా ఎదిగితే యువత ఇందులోంచి బయటపడుతుందని అన్నాడు. ఆయన మాట నిజమనే అనుకుందాం. మరి అప్పుడు ఆ కుర్రాళ్ళకి పని నేర్పించేవాళ్ళని ముందు పిలిచి కూచోబెట్టాలి కదా. రెండు నెలలు తిరక్కుండానే చట్టం మీద సంతకం పెట్టాడు.

అటు పక్షం చెప్పేది కూడా చెప్పాలి. 2023లో బిల్లు తెచ్చిన అసుమన్ బసలిర్వా, ఆయనతో ఉన్న ఎంపీలు, ఇది కుటుంబాన్నీ పిల్లల్నీ కాపాడుకోవడానికే, బయటి డబ్బు ఆశ చూపించి బీద పిల్లల్ని లాగుతున్నారు అంటారు. పేదవాడికి ఆశ చూపిస్తే లొంగుతాడన్న భయం నాకూ అర్థమవుతుంది, అలాంటి పని ఎవరు చేసినా పట్టుకోవాల్సిందే. కానీ ఇంట్లోంచి గెంటేసిన తర్వాత వచ్చిన పిల్లాడి గురించి కదా ఇక్కడ మాట్లాడుతోంది.

ఆ గెంటేయడం ఎక్కడిదాకా వెళ్తుందో 2020 మార్చి 29న కంపాలా పక్కన క్యెంగెరాలో కనబడింది. ఇల్లూ వాకిలీ లేని ఎల్‌జీబీటీ యువత తలదాచుకునే షెల్టర్ మీద పోలీసులు పడ్డారు. కోవిడ్ లాక్‌డౌన్, పదిమందికి మించి గుమిగూడారు అన్నారు, వాళ్ళు గుమిగూడలేదు, అది వాళ్ళ ఇల్లు. ఊరి మేయరే బెత్తం పట్టుకుని కొట్టాడు, తాళ్ళతో కట్టి స్టేషన్‌కి నడిపించారు. ఆరు వారాలకి పైగా జైల్లో ఉంచారు, లాయర్ని కూడా కలవనివ్వలేదు, మే నెలలో కేసు ఎత్తేశారు. లాయర్ని కలవనివ్వనందుకు జూన్‌లో హైకోర్టు తలా 50 లక్షల షిల్లింగులు ఇమ్మంది, ఆ హింసకి 2024 నవంబర్‌లో ఇంకో తీర్పు వచ్చింది, 20 మందికి కలిపి 15 కోట్ల షిల్లింగులు. అప్పటి లెక్కలో మన డబ్బుల్లో తలా ఒక లక్షా డెబ్భై వేలకి కాస్త అటూ ఇటూ. నాలుగున్నరేళ్ళు పట్టింది.

ఇప్పుడు 2023 చట్టం. మే 26న ముసెవెని సంతకం పెట్టాడు. స్వలింగ సంబంధానికి యావజ్జీవం, కొన్ని సందర్భాల్లో ఉరి, ఇవే హెడ్‌లైన్లలో వచ్చాయి. కానీ ట్రైనింగ్ నడిపేవాళ్ళని పడుకోనివ్వనిది 11వ సెక్షన్. ప్రచారం చేస్తే 20 ఏళ్ళ దాకా జైలు. సంస్థ అయితే 100 కోట్ల షిల్లింగుల దాకా జరిమానా, లైసెన్సు పదేళ్ళు సస్పెండ్. ప్రచారం అంటే ఏంటన్న చోట, ఇలాంటి ప్రవర్తనని ప్రోత్సహించే లేదా మామూలు విషయంగా చూపించే పనులకి డబ్బుగా గానీ వస్తువుగా గానీ సాయం చేయడం అని రాసుంది. వస్తువుగా అంటే ఒక కుట్టుమిషన్ కూడా వస్తువే కదా. 2012లో మంత్రి నోటితో అన్నది, 2014లో జడ్జి తీర్పులో రాసింది, 2023లో సెక్షన్ నంబర్‌తో వచ్చింది, దారి అంత తిన్నగా ఉంది. లోకోడో దీన్ని చూడలేదు, 2022 జనవరిలో చనిపోయాడు.

చట్టం వచ్చిన వారం పదిరోజుల్లోనే ఆరోగ్య శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది, ఎవరికీ వైద్యం నిరాకరించొద్దు అని. హెచ్‌ఐవీ లెక్కలు దెబ్బతింటాయన్న భయం వాళ్ళకి ఉంది కాబట్టి ఆ కిటికీ తెరిచారు. చేతి పనులకి అలాంటి సర్క్యులర్ నాకెక్కడా కనబడలేదు. మందు తీసుకోవచ్చు, ఆ మందు కడుపులో నిలవడానికి కావాల్సిన తిండి సంపాదించుకునే దారికి మాత్రం రక్షణ లేదు.

దీనికి తోడు ఇంకో బలహీనత మొదట్నుంచీ ఉంది. చాలాచోట్ల ఈ శిక్షణ సొంత కాళ్ళ మీద నిలబడలేదు, హెచ్‌ఐవీ ప్రోగ్రాం డబ్బుకి తోకలా నడిచింది. టెస్టులు చేసే సెంటర్లోనే వెనక గదిలో క్లాసు. 2025 జనవరిలో అమెరికా సాయం ఆగేసరికి ముందు గది మూతపడింది, దాంతోపాటే వెనక గదీ పోయింది. వరల్డ్ బ్యాంక్ మళ్ళీ తలుపు తీసినప్పుడు తన ప్రాజెక్టుల్లో ఎవరిమీదా వివక్ష ఉండకుండా చూస్తామంది. మాట మంచిదే. కానీ స్వలింగ సంబంధానికి యావజ్జీవం పడే దేశంలో నామీద వివక్ష జరిగింది అని ఫిర్యాదు ఎవరు రాసి సంతకం పెడతారు?

2024 ఏప్రిల్ 3న రాజ్యాంగ న్యాయస్థానం ఈ చట్టంలో చాలా భాగాన్ని అలాగే ఉంచి కొన్ని ముక్కలు కొట్టేసింది. తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలన్న నిబంధన పోయింది. ఇల్లు అద్దెకిచ్చినవాడికి శిక్ష అన్నది కూడా పోయింది, దానివల్లే కదా 2023లో ఓనర్లు కుర్రాళ్ళ సామాను బయట పడేశారు. దీనిమీద పిటిషనర్లు సుప్రీంకోర్టుకి అప్పీలుకి వెళ్ళారు. ప్రస్తుతానికి మిగిలిందేంటంటే ఓనర్ గది అద్దెకివ్వచ్చు, నేరం కాదు. ఆ గదిలో ఒక బకెట్టూ కర్రా పెట్టి సబ్బు చేయడం నేర్పిస్తే, ఆ బకెట్టు కొనిచ్చినవాళ్ళని 11వ సెక్షన్ కింద పట్టుకోవచ్చా లేదా అన్నది ఇంకా పోలీసు చేతిలోనే ఉంది.