నడవగలరు, నిలబడలేరు: థీమ్ పార్క్ క్యూల వెనక కథ

థీమ్ పార్క్ క్యూల గురించి వాదన మొదలైతే సాధారణంగా రెండు పక్షాలే కనిపిస్తాయి. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళు ఒక పక్క, ‘ఎవరైనా సరే లైన్లో నిలబడాల్సిందే’ అనేవాళ్ళు ఇంకో పక్క. ఈ ఇద్దరికీ మధ్య ఇంకో గుంపు ఉంది. వీళ్ళు పార్కంతా నడిచి తిరుగుతారు. అవసరమైతే మెట్లెక్కుతారు. రైడ్‌లో కూర్చున్నాక ఏ ఇబ్బందీ ఉండదు. ఒకే చోట ఇరవై నిమిషాలు నిలబడమంటేనే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. కీళ్ళవాతం, వెన్నులో డిస్క్ జారడం, మడమ నొప్పి, కీళ్ళు పట్టు తప్పే జన్యు సమస్యలు, లేచి నిలబడగానే గుండె దడదడలాడే పాట్స్... కారణం ఏదైనా కావచ్చు. పైకి మాత్రం ఏమీ కనిపించదు. ‘ఇప్పటిదాకా బాగానే నడిచారుగా’ అనే మాట వీళ్ళు ఎక్కడికెళ్ళినా వింటూనే ఉంటారు.

నడవగలిగినవాళ్ళు నిలబడలేకపోవడంలో వింతేమీ లేదు. నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ, వదులవుతూ కాళ్ళలోని రక్తాన్ని పైకి తోస్తాయి. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతుంటుంది కాబట్టి ప్రతి కీలుకూ క్షణం విశ్రాంతి దొరుకుతుంది. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. మనిషి లేచి నిలబడ్డప్పుడు అర లీటరుకు పైగా రక్తం కిందికి దిగుతుంది. దాన్ని వెనక్కి తోయడానికి పిక్కల సాయం కావాలి. మరోపక్క నడుం కండరాలు ఒకే బిగువులో ఉండిపోతాయి, వాటికి రక్తం సరిగ్గా అందదు, అలసి నొప్పి పెడతాయి. పార్క్ క్యూ ఈ బాధను ఇంకా పెంచుతుంది. నాలుగడుగులు వేసి రెండు నిమిషాలు ఆగాలి, మళ్ళీ నాలుగడుగులు. నడక అనిపించుకునేంత కదలికా ఉండదు, కాసేపు కూలబడేంత వ్యవధీ ఉండదు.

క్యూల వెనక ఒక గణితం ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ రాక మీద రాసిన వ్యాసంతో అది మొదలైంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం చాలా సులువు. గంటకు 1,000 మందిని ఎక్కించుకునే రైడ్ ముందు 500 మంది ఉంటే చివరి మనిషికి అరగంట పడుతుంది. ఆ అరగంట మనిషి నిలబడ్డాడా, కూర్చున్నాడా, వేరే చోట కాఫీ తాగుతున్నాడా అన్నది లెక్కకు అక్కర్లేదు. వరసలో అతని వంతు పదిలంగా ఉంటే చాలు. ఈ విషయం పార్కులకు తెలుసు. తెలిసీ దాన్ని ఎవరికోసం వాడుకున్నాయన్నదే అసలు కథ.

1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచారు. మొదట్లో రైడ్ రైడ్‌కీ కూపన్ ఉండేది. 1959 నుంచి మేలైన రైడ్లకు ‘ఈ’ టికెట్ కావాల్సి వచ్చేది. పుస్తకంలో అవి కొన్నే కాబట్టి ఎక్కిన రైడే పదిసార్లు ఎక్కే వీల్లేదు. 1982లో కూపన్ పుస్తకాలు పోయి, ఒకే టికెట్‌తో ఎన్ని రైడ్లయినా ఎక్కే పద్ధతి వచ్చింది. డబ్బుతో పడే కళ్ళెం పోయాక మిగిలింది కాలమే. పేరున్న రైడ్ ధరను జనం నిలబడి చెల్లించడం మొదలైంది.

ఆ నిలబడటానికి కట్టిన రూపమే మెలికల క్యూ. పైపు కంచెల మధ్య అటూ ఇటూ మళ్ళుతూ పోతుంది. తక్కువ స్థలంలో ఎక్కువ మంది పడతారు, చివర ఎక్కడుందో బయటివాళ్ళకు తెలియదు, మలుపు తిరిగినప్పుడల్లా ముందుకెళ్ళామన్న తృప్తి కలుగుతుంది. మామూలు మనిషికి ఇది మంచి కనికట్టే. నొప్పి ఉన్నవాళ్ళు ఆ క్యూలో ఎలా ఉంటారో గమనించండి. కింది పైపు మీద ఒక పాదం ఎత్తి పెడతారు, రెండు మోచేతులూ పై పైపు మీద ఆన్చి సగం బరువు దాని మీద వేస్తారు. ఎక్కడైనా గోడ తగిలితే వీపు ఆనించి ఒక మోకాలు మడుస్తారు. లైన్ కదలగానే మళ్ళీ అంతా సర్దుకుని నాలుగడుగులు. రైడ్ ముందు కథ చెప్పే గదులు మరీ ఘోరం. ‘ముందుకు జరగండి, ఖాళీలు నింపండి’ అని జనాన్ని మధ్యలోకి తోస్తారు. అక్కడ ఆనుకోవడానికి గోడ కూడా దొరకదు.

ఇన్ని కోట్లు పోసి కట్టినవాళ్ళు బెంచీలెందుకు వేయలేదు? కూర్చున్న మనిషి లేచేసరికి ముందు ఖాళీ ఏర్పడుతుంది, వెనకవాళ్ళు దాటిపోతారు, గొడవ మొదలవుతుంది. ఇరుకు దారిలో బెంచీ వేస్తే వీల్‌చైర్ పట్టదు. ఇవి నిజమైన ఇబ్బందులే. కానీ తలచుకుంటే దారి దొరుకుతుందని డిస్నీయే చూపించింది. 2012లో ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఏనుగుబొమ్మల రైడ్ డంబోను కొత్త చోటికి మార్చినప్పుడు, క్యూ మధ్యలో చల్లటి గుడారంలో పిల్లల ఆటస్థలం పెట్టారు. చేతికి పేజర్ ఇచ్చేవాళ్ళు. పిల్లలు ఆడుకునేవాళ్ళు, పెద్దలు కూర్చునేవాళ్ళు, వంతు వచ్చినప్పుడు పేజర్ మోగేది. పిల్లల కోసం చేసిన ఏర్పాటు నడుం నొప్పి ఉన్న పెద్దలకు వరమైంది. అదే మిగతా రైడ్లకూ మామూలు పద్ధతి ఎందుకు కాలేదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక సౌకర్యాల చరిత్రకొద్దాం. అది మొదటి నుంచీ చక్రాల చుట్టూనే తిరిగింది. మడిచి కారులో పెట్టుకునే ఉక్కు గొట్టాల వీల్‌చైర్‌ను 1933లో ఎవరెస్ట్, జెన్నింగ్స్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేశారు. 1968లో డెన్మార్క్ విద్యార్థిని సుజానె కోఫోడ్ గీసిన వీల్‌చైర్ బొమ్మ ప్రపంచమంతటా వైకల్యానికి గుర్తయింది. నీలం పలక మీద ఆ తెల్ల బొమ్మ ఎంతో మేలు చేసింది, కాదనను. దాంతోపాటే వైకల్యమంటే కుర్చీలో కనిపించేదే అన్న అభిప్రాయాన్నీ నాటింది.

పాత రైడ్ల క్యూ దారుల్లో మెట్లు, ఇరుకు మలుపులు ఉండేవి, కుర్చీ పట్టేది కాదు. కాబట్టి వీల్‌చైర్ వాళ్ళను బయటికొచ్చే దారి నుంచి లోపలికి పంపేవారు. అది ప్రత్యేక గౌరవమేమీ కాదు, కట్టడంలోని లోపానికి అతుకు. చూసేవాళ్ళకు మాత్రం ‘కుర్చీ ఉంటే లైన్ ఉండదు’ అనిపించింది. అవసరం లేకపోయినా కుర్చీ అద్దెకు తీసుకునే తెలివితేటలు అక్కడే పుట్టాయి. 1990లో వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల చట్టం, అమెరికన్స్ విత్ డిజేబిలిటీస్ యాక్ట్, వచ్చాక కొత్త క్యూలను వెడల్పుగా, వాలు దారులతో కట్టసాగారు. 2001లో తెరిచిన కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో చాలావరకు కుర్చీ కూడా అందరితోపాటు అదే లైన్లో వెళ్తుంది. న్యాయమే. కుర్చీలో ఉన్న మనిషి కూర్చునే ఎదురుచూస్తాడు. కుర్చీ లేక, నిలబడనూ లేక వచ్చినవాళ్ళే రెంటికీ చెడ్డ రేవడి అయ్యారు.

వాళ్ళకు కొన్నాళ్ళు ఆసరాగా ఉన్నది డిస్నీ గెస్ట్ అసిస్టెన్స్ కార్డ్. పార్క్ ఆఫీసులో ఇబ్బంది చెప్పుకుంటే ఇచ్చేవారు, దానితో చాలా రైడ్లలో వేరే దారి దొరికేది. 2013 మేలో న్యూయార్క్ పత్రిక ఒకటి, డబ్బున్న కుటుంబాలు వైకల్యం ఉన్నవాళ్ళను గైడ్లుగా అద్దెకు పెట్టుకుని లైన్లు దాటేస్తున్నాయని రాసింది. పెద్ద దుమారం లేచింది. అదే ఏడాది అక్టోబర్ 9న ఆ కార్డు పోయి డిజేబిలిటీ యాక్సెస్ సర్వీస్ వచ్చింది. కొత్త పద్ధతిలో ఎదురుచూపు తప్పదు, ఎంతసేపు పడుతుందో చూసి ఒక సమయం ఇస్తారు, అంతవరకు ఎక్కడైనా కూర్చుని రావచ్చు. నన్నడిగితే, నిలబడలేనివాళ్ళకు ఇంతకంటే సరైన పద్ధతి లేదు. ఎవరి వంతూ దోచుకోరు, నొప్పీ పడరు.

ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలకు మాత్రం అది సరిపోలేదు. ఎదురుచూడటమే వాళ్ళ సమస్య, ఎక్కడ కూర్చున్నా ఎదురుచూపే కదా. 2014లో కోర్టుకెక్కారు. 2018లో అప్పీల్ కోర్టు కొంతవరకు వాళ్ళ పక్షాన మాట్లాడి కేసును తిప్పి పంపింది, 2020లో కింది కోర్టు డిస్నీ పద్ధతి సరైనదేనని తేల్చింది.

ఈ కేసులన్నింటి వెనకా ఒక గోల్ఫ్ ఆటగాడు ఉన్నాడు. కేసీ మార్టిన్‌కు కాలి రక్తనాళాల వ్యాధి. ఆట దివ్యంగా ఆడతాడు, మైదానమంతా నడవలేడు. మైదానంలో తిరిగే బండి వాడనివ్వమంటే పోటీలు నడిపే పీజీఏ టూర్ ఒప్పుకోలేదు, నడకా ఆటలో భాగమే అంది. 2001లో అమెరికా సుప్రీం కోర్టు 7–2 తీర్పుతో అతనికి బండి ఇప్పించింది: బండి ఇచ్చినంత మాత్రాన ఆట స్వరూపం మారిపోదు అంది. ఆ ప్రశ్ననే పార్కులకు వేసి చూడండి. రైడ్ ఎక్కడంలో నిలబడటం భాగమా?

2012లో ఇంకో అప్పీల్ కోర్టు ఇదే దారిలో నడిచింది. కండరాల క్షీణత ఉన్న ఒకామె డిస్నీల్యాండ్‌లో కుర్చీ కాకుండా నిలబడి నడిపే సెగ్వే వాడనివ్వమంది; కూర్చున్నాక లేవడమే ఆమెకు కష్టం. వీల్‌చైర్‌తో ఎలాగో పని గడుస్తుంది కదా అని కొట్టిపారేయకూడదంటూ కోర్టు ఆమె కేసును నిలబెట్టింది.

పార్కులు మాత్రం ఆ ప్రశ్నకు డబ్బు దారిలో ఎప్పుడో జవాబిచ్చేశాయి. 1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ మొదలుపెట్టింది: చీటీ తీసుకుని వెళ్ళిపోండి, చెప్పిన వేళకు రండి. 2001లో జార్జియాలోని సిక్స్ ఫ్లాగ్స్‌లో లో-క్యూ అనే కంపెనీ వరసలో వంతు పట్టిపెట్టే చేతి పరికరం క్యూ-బాట్‌ను అద్దెకిచ్చింది. 2017లో ఫ్లోరిడాలో తెరిచిన వోల్కనో బే నీటి పార్కులో చేతికి కట్టే పట్టీతోనే వంతు పట్టుకోవచ్చు. నిలబడటానికీ ఎదురుచూడటానికీ సంబంధం లేదని వీళ్ళే రుజువు చేశారు. ఉచితంగా ఉన్న ఫాస్ట్‌పాస్ స్థానంలో 2021లో డిస్నీ డబ్బు కట్టే లైట్నింగ్ లేన్ తెచ్చింది. ఒక వేళకు వచ్చి ఎక్కే సౌకర్యాన్ని ఒకరికి అమ్ముతూ, ఇంకొకరికి ఊరికే ఇవ్వాల్సి వస్తే ఎవరి మీద అనుమానం పెరుగుతుందో వేరే చెప్పాలా?

2024లో ఆ అనుమానం నిబంధనగా మారింది. మే 20 నుంచి ఫ్లోరిడాలో, జూన్ 18 నుంచి కాలిఫోర్నియాలో, యాక్సెస్ సర్వీస్ ఆటిజం లాంటి ఎదుగుదల సంబంధమైన వైకల్యం వల్ల మామూలు క్యూలో ఎక్కువసేపు ఉండలేనివాళ్ళకేనని డిస్నీ చెప్పింది. వీడియోలో మాట్లాడి తేలుస్తారు, అబద్ధం చెప్పినట్టు తేలితే ఇక పార్కులోకి రానివ్వరు. ఒకప్పుడు కుర్చీ బొమ్మ దగ్గర మొదలైన సౌకర్యం ఇప్పుడు మనసు, మెదడు వైపు వెళ్ళింది. మధ్యలో కీళ్ళు, నడుము, రక్తనాళాలు మిగిలిపోయాయి. దీని మీద 2025లో కాలిఫోర్నియాలో దావా కూడా పడింది. ఇంకో పెద్ద పార్కుల కంపెనీ యూనివర్సల్, ఇలాంటి సౌకర్యం కోరేవాళ్ళను 2023 నుంచి ఐబీసీసీఈఎస్ అనే బయటి ధ్రువీకరణ సంస్థ కార్డు అడుగుతోంది, ముందే కాగితాలు పంపాలి. బ్రిటన్‌లో ఆల్టన్ టవర్స్ లాంటి పార్కులు రైడ్ యాక్సెస్ పాస్ ఇస్తాయి. ఒక రైడ్ ఎక్కాక, దాని క్యూకు పట్టే సమయం గడిచాకే ఇంకోదానికి వీలవుతుంది.

నిలబడలేనివాళ్ళు అడిగితే ఇప్పుడు చాలా చోట్ల వచ్చే జవాబు: ‘వీల్‌చైరో స్కూటరో తీసుకోండి.’ కొందరికి అది నిజంగా పరిష్కారమే, మొహమాటపడి మానుకోవాల్సిన పనిలేదు. అయితే పాట్స్ ఉన్నవాళ్ళకు, కీళ్ళు బిగుసుకుపోయేవాళ్ళకు మధ్యమధ్యలో నడవడమే మందు. రోజంతా కూర్చోబెడితే సాయంత్రానికి లేవలేరు. కుర్చీ తోయడానికి మనిషీ కావాలి. వీళ్ళకు బాగా పనికొచ్చే వస్తువు రోలేటర్. ఇరవై ఒకటో ఏట పోలియో వచ్చిన ఐనా విఫాల్క్ అనే స్వీడన్ మహిళ 1978లో దీన్ని రూపొందించింది. నాలుగు చక్రాలు, బ్రేకులు, మధ్యలో ఒక సీటు. లైన్ ఆగినప్పుడు బ్రేకు వేసి కూర్చోవచ్చు, కదలగానే తోసుకుంటూ నడవొచ్చు. బ్రేకు వేయకుండా మాత్రం కూర్చోకూడదు, వాలు దారిలో మరీనూ. మడత స్టూళ్ళను కొన్ని పార్కులు లోపలికి రానివ్వవు, ముందే నిబంధనలు చూసుకోవాలి.

మిగతాది వేళను బట్టి ఉంటుంది. గేటు తెరిచిన మొదటి గంటలో, మూసేముందు చివరి గంటలో లైన్లు చిన్నవి. ఒంటరి సీట్లు నింపే సింగిల్ రైడర్ లైన్ ఉంటే ఇంటివాళ్ళు విడివిడిగా కూర్చోవాల్సి వచ్చినా అది త్వరగా కదులుతుంది. గెస్ట్ సర్వీసెస్ దగ్గర రోగం పేరు చెప్పడం కంటే ‘ఇన్ని నిమిషాలకు మించి నిలబడలేను, కూర్చుంటే ఎంతసేపైనా ఆగగలను’ అనడం మేలు. వాళ్ళు తూచేది అవసరాన్ని. డిస్నీలో లైన్లోంచి బయటికెళ్ళి మళ్ళీ వచ్చి మనవాళ్ళతో కలిసే ఏర్పాటు కూడా ఉంది: మీరు బయట బెంచీ మీద ఉంటారు, మీవాళ్ళు లైన్లో ఉంటారు, దగ్గర పడ్డాక కలుస్తారు. ఏ రైడ్‌కు ఎక్కడ కలవాలో ముందే సిబ్బందిని అడిగి పెట్టుకోవాలి. ఒంటరిగా వచ్చినవాళ్ళకు లైన్లో చోటు పట్టిపెట్టేవాళ్ళుండరు. వాళ్ళ సంగతి ఆ పూట గేటు దగ్గర ఎవరున్నారన్నదాన్ని బట్టే తేలుతోంది.