సూదిలో వైరసే ఉంటదట కదా?

మలక్‌పేట్‌లో మా గల్లీ మూల చాయ్ బండి కింద పడుకునే కుక్కపిల్లకి పోయిన చలికాలం కళ్ళల్లో పుసులు, ముక్కులో చీమిడి మొదలయ్యి, తర్వాత తిండి మానేసి, వారం పదిరోజులకి ఎడమ ముందుకాలు టక్కుటక్కుమని కొట్టుకోవడం మొదలైంది, నిద్రలో కూడా ఆగేది కాదు. డిస్టెంపర్ అన్నారు డాక్టర్, కుక్కలకి వైరస్ వల్ల వచ్చే జబ్బు. బతకలేదు. మిగిలిన రెండు పిల్లలకి టీకా వేయిద్దామంటే చాయ్ బండి అన్న అడిగాడు, "సూదిలో వైరసే ఉంటదట గదన్నా, మల్ల రోగం రాదా?" అని.

మంచి ప్రశ్న. ఈ వైరస్ పిల్లలకొచ్చే తట్టు వైరస్‌కి, గొర్రెల పారుడు రోగం వైరస్‌కి దగ్గరి చుట్టం. రీసెర్చ్‌లో ఎక్కువగా వాడే స్ట్రెయిన్లలో, అంటే ఈ వైరస్ రకాల్లో, ఒకటి ఓండర్‌స్టెపోర్ట్, అది సౌతాఫ్రికాలో పశువైద్య ల్యాబ్ ఉన్న ఊరి పేరు. దాన్ని కోడిగుడ్లలోని పిండాల్లో మళ్ళీ మళ్ళీ పెంచారు, అట్లా పెంచగా పెంచగా గుడ్డుకి అలవాటుపడి కుక్కని జబ్బు చేసే బలం పోయింది, అయినా కుక్క ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. టీకాల్లోకి వచ్చింది ఇట్లాంటి మెత్తబడ్డ వైరసే.

మరి అసలు జబ్బుని స్టడీ చేయాలంటే మెత్తబడనిది కావాలి కదా. అమెరికాలో 1975లో జబ్బు కుక్క నుంచి తీసిన ఏ75/17 అట్లాంటిది. చిక్కేంటంటే ల్యాబుల్లో మామూలుగా వాడే వీరో కణాల్లో అది సరిగ్గా పెరగదు, ఎలాగోలా అలవాటు చేస్తే పెరుగుతుంది గానీ ఆలోపు అదీ మెత్తబడుతుంది. అందుకని చాలా ఏళ్ళు దాన్ని కుక్క నుంచి కుక్కకి ఎక్కిస్తూ నిలుపుకున్నారు. ఆ కాలు కొట్టుకోవడం కళ్ళారా చూసినోడిని, ఈ ముక్క చదివినప్పుడు చాలా బాధేసింది.

ఎందుకు పెరగదు అంటే, వైరస్ లోపలికి దూరడానికి పట్టుకునే కొక్కెం లాంటి ప్రొటీన్ ఒకటుంది, స్లామ్ అంటారు, అది రోగనిరోధక కణాల మీద ఉంటుంది. వీరో కణాలేమో ఆఫ్రికా కోతి కిడ్నీవి, వాటికి ఆ కొక్కెం లేదు. 2003లో జపాన్ సైంటిస్టులు కుక్క స్లామ్ జీన్‌ని వీరో కణాల్లో పెట్టేసరికి జబ్బు కుక్కల నుంచి తీసిన వైరస్ నేరుగా పెరిగింది. మైక్రోస్కోప్‌లో చూస్తే పక్కపక్క కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, బోలెడు కేంద్రకాలున్న పెద్ద ముద్దలైపోతాయి. జబ్బు ఎట్లా మొదలవుతుందో కూడా దీంతోనే అర్థమవుతుంది, ముందు తెల్లరక్తకణాలనే పడగొడుతుంది కాబట్టి ఒంట్లో కాపలా ఉండదు, ఊపిరితిత్తుల్లో వేరే ఇన్ఫెక్షన్లు చేరతాయి, కొన్నిట్లో మెదడుకి ఎక్కుతుంది, ఆ కాలు కొట్టుకోవడం అప్పుడే.

కుక్కలతో ఆగేది కూడా కాదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి అడవుల్లో ఈ వైరస్‌తోనే దాదాపు మూడోవంతు సింహాలు పోయాయి, 2018లో మన గిర్ సింహాలకీ సోకింది.

అన్నకి ఇదంతా చెప్పలేదు, "గుడ్లల్ల పెంచి పెంచి కోరలు పీకేసిన వైరస్ అన్నా అది" అన్నా, ఒప్పుకున్నాడు. తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీలు మొదటి సూదిని పనిచేయనివ్వకపోవచ్చు, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. ఆ రెండు కుక్కపిల్లలకీ రెండేసి సూదులయ్యాయి, మూడోది వచ్చే ఆదివారం, అన్న బండి కట్టేశాక తీసుకెళ్తాం.