పాత సినిమాలకు రంగులు: అపోహలు - వాస్తవాలు

పాత సినిమాల రీస్టోరేషన్ నా పని. ఆ మాట చెప్పగానే "ఓ, రంగులు వేస్తారా!" అంటారు. మొదటి అపోహ అదే.

అపోహ: రీస్టోరేషన్ అంటే రంగులు వేయడం.
రెండూ వేర్వేరు పనులు. గీతలు, మరకలు, బొమ్మ ఊగడం, వెలుగు మినుకుమినుకుమనడం తగ్గించి విడుదలైన రోజున తెరమీద ఎలా ఉందో దానికి దగ్గరగా తేవడం రీస్టోరేషన్. రంగులు వేయడమంటే అప్పుడు లేనిది ఇప్పుడు చేర్చడం. 1988లో అమెరికా చేసిన చట్టం, భద్రపరచాల్సిన సినిమాల జాతీయ జాబితా (నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ)లోని సినిమాకు రంగులేస్తే ఆ సంగతి లేబుల్ మీద చెప్పాలంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ అసలు రంగు కనిపెట్టేస్తుంది.
ఎలా కనిపెడుతుందండీ? నలుపు తెలుపు ఫిల్మ్ మీద పడింది వెలుగు ఎక్కువ తక్కువలు మాత్రమే, ఎర్ర చీరా దాని వెనక పచ్చటి తెరా ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. మూకీల కాలంలో ఎక్కువగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కైతే ఎరుపు దాదాపు కనిపించదు, అందుకే అందులో ఎర్రటి పెదాలు నల్లగా, నీలాకాశం తెల్లగా వస్తాయి. ఏఐ తాను ఎక్కువసార్లు చూసిన రంగును ఊహించి పూస్తుంది, ఒక్కోసారి మనిషి నడుస్తుండగానే చొక్కా రంగు మారిపోతుంది. పాత పోస్టర్ చూసి సరిచేద్దామంటే అది పెయింటర్ ఇష్టం. పోనీ అసలు దుస్తులే దొరికాయనుకోండి, వాటి రంగులు ఎంచింది కూడా నలుపు తెలుపులో ఎలా పడతాయో చూసుకునే, ఉన్నదున్నట్టు వేస్తే ఎబ్బెట్టుగా ఉండొచ్చు.

అపోహ: దుమ్ము తీయడానికి ఒక్క బటన్ చాలు.
బటన్ ఉంది, టెన్షన్ కూడా దాంతోనే. ముందు ఫ్రేమ్‌లో, తర్వాత ఫ్రేమ్‌లో లేకుండా ఒక్క ఫ్రేమ్‌లోనే కనిపించేదాన్ని అది మురికి అనుకుంటుంది. కత్తులు తగిలినప్పుడు ఎగిరే నిప్పురవ్వ, వాన చినుకు, దూసుకెళ్లే బాణం అన్నీ దాని లెక్కలో మురికే! సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రెండున్నర గంటల సినిమాలో 2,16,000 ఫ్రేములు. బటన్ నొక్కాక ఏం పోయిందో వెతకడానికి మళ్లీ మనిషే కూర్చోవాలి.

అపోహ: గ్రెయిన్ (బొమ్మ మీద కనిపించే సన్నటి చుక్కలు) అంతా తుడిచేస్తే బొమ్మ శుభ్రమవుతుంది.
గ్రెయిన్ మురికి కాదు, బొమ్మ తయారైందే ఆ వెండి రేణువులతో. పూర్తిగా తుడిస్తే ముఖాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి. చూడలేం.

అపోహ: 4కే అని రాసుంటే క్వాలిటీ గ్యారంటీ.
స్కాన్ చేసింది షూటింగ్‌లో కెమెరాలో తిరిగిన అసలు నెగెటివ్‌నా, థియేటర్లలో తిరిగి అరిగిన ప్రింట్‌నా? ముందు అది అడగండి.

అపోహ: స్కాన్ అయిపోయింది కదా, రీళ్లు పారేయొచ్చు.
దయచేసి ఆ పని చేయకండి. రేపు ఇంతకన్నా మంచి స్కానర్ వస్తే మళ్లీ వెళ్లాల్సింది ఆ రీలు దగ్గరికే. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన వచ్చిందంటే ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లడం మొదలైనట్టు, దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి చల్లగా, తేమ లేనిచోట పెట్టండి. 1950ల తొలి ఏళ్లకు ముందు రీలైతే సులువుగా అంటుకునే నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు. అది అంటుకుంటే గాలి అందకపోయినా మండుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉంచుకోకండి, ప్రొజెక్టర్‌లో అసలే పెట్టకండి, ముందు ఏదైనా ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఫోన్ చేయండి.