సోరియాసిస్ ఉన్నవాళ్లు ఓపీకి ఎలా రావాలి? అపోహలు - వాస్తవాలు

కర్నూలులో చర్మవ్యాధుల ఓపీకి ఆదోని, ఎమ్మిగనూరు, ఆత్మకూరు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్లు చాలామంది. గద్వాల, రాయచూరు నుంచి కూడా వస్తారు. అంత దూరం వచ్చి లోపల కూర్చునేది కాసేపే. అందులో సగం టైము జబ్బు ఎక్కడుందో, ఎంతుందో వెతకడానికే పోతుంది. ఎందుకంటే తెలిసో తెలియకో దాన్ని దాచిపెట్టుకునే వస్తారు. డాక్టరు దగ్గరికి ఎలా వెళ్లాలన్న దానిమీద మనవాళ్లకు కొన్ని నమ్మకాలు అలా పాతుకుపోయాయి.

అపోహ: ఆస్పత్రికి వెళ్లే రోజు ఒళ్లు బాగా రుద్దుకుని, నూనె రాసుకుని నీటుగా వెళ్లాలి.

ఒంటిమీద లేచిన ఆ పొట్టే చర్మ డాక్టర్లమైన మాకు కావాలి. మామూలుగా చర్మ కణం అడుగు నుంచి పైకి చేరి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్‌లో ఆ పని నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది కాబట్టి వెండిరంగు పొలుసులు పేరుకుంటాయి. ఆ పొలుసు ఎంత మందంగా ఉంది, కింద ఎరుపు ఎంతుంది అన్నదాన్ని బట్టే మందు నిర్ణయమవుతుంది. తామరేమో అని అనుమానం వస్తే పొలుసును కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూస్తాం. పసుపు, వేపాకు ముద్ద పట్టించుకుని వస్తే ఇవేవీ కుదరవు. "మీ రూములో పొట్టు రాలితే బాగుండదు కదా మేడం" అంటారు ఆడవాళ్లు. రాలనీయండమ్మా, ఊడ్చుకుంటాం. పైగా గట్టిగా రుద్దితే చర్మం గీరుకుపోయిన చోట కొత్త మచ్చలు లేస్తాయి. మామూలు స్నానం చేసి, పైకి మడుచుకోవడానికి వీలైన వదులు బట్టలు వేసుకుని రండి, చాలు.

గోళ్ల సంగతి కూడా చెప్పాలి. సోరియాసిస్ ఉన్న చాలామందికి గోరు మీద సూదిమొనతో పొడిచినట్టు సన్నటి గుంటలు ఉంటాయి. జబ్బు ఏదో తేలనప్పుడు అవే దారి చూపిస్తాయి. పండక్కి పెట్టుకున్న గోరింటాకు ఎర్రగా ఉంటే గోరు అసలు రంగు కనపడదు. నెయిల్ పాలిష్ అయితే తుడిచేసి రండి. గోరింటాకు పెట్టుకోవాలనుకుంటే చూపించుకున్నాక పెట్టుకోండి.

అపోహ: పాత మందుల సంగతి ఎత్తితే కొత్త డాక్టరు తిడతారు.

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. "ఇంతకుముందు ఏం వాడారు?" అంటే "ఏదో తెల్ల ట్యూబు మేడం, చిన్న మాత్ర మేడం" అంటారు. ఇంట్లో ఉన్నవన్నీ ఒక కవరులో వేసుకుని రండి. అడుగు నుంచి చుట్టేసిన ఖాళీ ట్యూబైనా సరే, డేటు అయిపోయినదైనా సరే, నాటుమందు పొట్లమైనా సరే. షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. కాబట్టి కొనేటప్పుడే పేరు రాయించుకోండి, లేదా పూర్తి స్ట్రిప్పు ఫోటో తీసుకోండి.

ఇంత పట్టుబట్టడానికి కారణాలున్నాయి. ఊళ్లో వేయించుకునే 'పవర్ సూది'లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. మొదట మంత్రం వేసినట్టు తగ్గుతుంది. ఆపగానే జబ్బు విరుచుకుపడుతుంది. ఒక్కోసారి ఒళ్లంతా ఎర్రబారి, చీముపొక్కులు లేచి అడ్మిట్ చేయాల్సి వస్తుంది. దురదకు షాపులో ఇచ్చే రకరకాల కలగలుపు క్రీముల్లోనూ ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. ఇక మెథోట్రెక్సేట్. సోరియాసిస్‌కు మంచి మందు, ధర కూడా తక్కువే, కానీ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మీరు ఏ రోజు వేసుకుంటున్నారో, చివరిసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారో రాసి తెండి. తాగే అలవాటు ఉంటే అదీ చెప్పండి. అది కాలేయానికి సంబంధించిన లెక్క, మీ పరువు లెక్క కాదు.

అపోహ: చర్మం జబ్బు కాబట్టి చర్మం గురించి చెబితే చాలు.

సోరియాసిస్ ఉన్న పది మందిలో ఇద్దరు ముగ్గురికి కీళ్లవాతం కూడా వస్తుంది. పొద్దున లేచాక వేళ్లు, నడుము అరగంట దాటినా బిగుసుకునే ఉన్నాయా? మడమ నొప్పా? ఒక వేలు మొత్తం వాచిందా? వేరుశనగ పీకిన నొప్పిలే, వయసు నొప్పిలే అని సర్దుకోకండి. వదిలేస్తే కీలు వంకరపోతుంది, ఆ తర్వాత మందులతో సరికాదు.

వేరే జబ్బులకు వాడే మాత్రలూ చెప్పాలి. బీపీకి, గుండె జబ్బులకు ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, మానసిక సమస్యకు వాడే లిథియం, మలేరియాకిచ్చే క్లోరోక్విన్ సోరియాసిస్‌ను ఎగదోయగలవు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. తల్లో, బొడ్డు దగ్గర, గజ్జల్లో, మర్మాంగాల దగ్గర మచ్చలుంటే అడగకముందే చెప్పండి. అక్కడికి వేరే మందు రాయాలి.

అపోహ: ఇప్పుడు తగ్గింది కదా, వెళ్లి ఏం చూపిస్తాం?

చాలామందికి చలికాలంలో ఎక్కువై, ఎండలు ముదిరేసరికి తగ్గుతుంది. ఎక్కువైనప్పుడే పగటి వెలుతురులో, వాకిట్లో నిలబడి ఫోటోలు తీసి ఉంచుకోండి. ఫిల్టర్ వద్దు. పక్కన అరచెయ్యి పెట్టి తీస్తే ఇంకా మంచిది. వేళ్లతో సహా మీ అరచెయ్యి మీ ఒంటి చర్మంలో సుమారు 1 శాతం, మేము లెక్క కట్టేది దాంతోనే.

అపోహ: పరగడుపున రావాలి, వంకాయ, మాంసం మానేసి రావాలి.

అక్కర్లేదు. తినకుండా రమ్మని చెప్పిన పరీక్ష ఉంటే తప్ప తినే రండి. బీపీ మాత్ర మానకండి. పత్యం కన్నా బరువు తగ్గించుకోవడం ఎక్కువ పనిచేస్తుంది.

అపోహ: అంటుకుంటుంది, ఒంటరిగానే వెళ్లాలి.

అంటుకోదు. ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. తోడు తెచ్చుకోండి, వీపు మీద మచ్చల సంగతి మీకంటే వాళ్లకే బాగా తెలుస్తుంది. కాకపోతే పెళ్లైన అమ్మాయిలకు ఒక మాట. పిల్లల కోసం చూస్తున్నారా, నెల తప్పిందా అన్నది మందు రాయకముందే మాకు తెలియాలి. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. సోరియాసిస్‌కే ఇచ్చే అసిట్రెటిన్ అనే ఇంకో మందు అయితే ఆపేశాక కూడా 3 ఏళ్లు గర్భం రాకూడదు. అత్తగారి ముందు చెప్పలేకపోతే ఓపీ చీటీ రాసే సిస్టర్‌తో "డాక్టరుతో ఒక్కదాన్నే మాట్లాడాలి" అనండి. మిగతావాళ్లను కాసేపు బయట కూర్చోమని మేమే చెబుతాం.