మే నెల, మంచు, జలగలు: కొండ ప్రయాణాల మీద అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే నా ఫోను పొద్దున్నే మోగడం మొదలుపెడుతుంది. "ఊటీ చల్లగా ఉందా అండీ? మేలో వస్తే గది దొరుకుతుందా? నడవడానికి ఏమైనా ఉన్నాయా?" మొదటి రెండు ప్రశ్నలకు జవాబు ఎవరైనా చెబుతారు. మూడోదే నా వృత్తి. చెన్నైలో ఉంటూ పన్నెండేళ్లుగా ఇక్కడి తెలుగు కుటుంబాలను, ఆఫీసు బృందాలను నీలగిరులకు, కొడైకెనాల్‌కు, ఏలగిరికి, జవ్వాదు కొండలకు తీసుకెళ్లి నడిపిస్తున్నాను. స్వెటర్లు, పులిహోర పొట్లాలతో పాటు ప్రతి బృందమూ కొన్ని అపోహలను కూడా మోసుకొస్తుంది. కొండ కింద నేను దింపించే బరువులు ఇవి.

అపోహ: కొండలకు మే నెలే సీజను.

వాస్తవం: మే బడి సెలవుల సీజను. కత్తిరి ఎండల్లో చెన్నై ఉడికిపోతుంటే ఊటీ హాయిగానే ఉంటుంది, కాదనను. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నైలోని 38 డిగ్రీలలో నుంచి మీరే తీసేసి చూసుకోండి. అయితే ఆ లెక్క ఊళ్లో అందరికీ వచ్చు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారంటే రద్దీ ఎంతగా ఉందో ఊహించండి. 2025 వేసవిలో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలని పరిమితి కూడా పెట్టారు. ప్రభుత్వ బస్సులోనో రైల్లోనో వెళ్లేవారికి ఈ పాస్‌తో పని లేదు. ఈ సంగతి చెబితే నమ్మలేనట్టు చూసేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఒక మే నెలలో ఒక కుటుంబం దొడ్డబెట్ట శిఖరం దారిలో గంటన్నర సేపు కారులోనే కూర్చుంది. పైకి చేరాక పది నిమిషాలు నిలబడి ఫొటో తీసుకుని, మధ్యాహ్నం ఉరుముల వానకు మళ్లీ కారెక్కింది. వాళ్లకు గుర్తున్నది వేయించిన మొక్కజొన్న పొత్తు మాత్రమే. మేలోనే రావాలంటే రండి, కానీ ఆరింటికి నడక మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించాలి. ఆ తర్వాతి కొండ జనానిది, వానది.

అపోహ: జూన్ నుంచి డిసెంబరు దాకా కొండల్లో ఒకటే వాన, ఏమీ చేయలేం.

వాస్తవం: నీలగిరులు చిన్నవే అయినా వాటికి రెండు వానకాలాలు, రెండు ముఖాలు. నైరుతి రుతుపవనం పడమటి ముఖాన్ని కొడుతుంది: గూడలూరు, నడువట్టం, అవలాంచి. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్క రోజులో 80 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అదే జులై, ఆగస్టుల్లో తూర్పున ఉన్న కోటగిరి మాత్రం కొండ చాటున ఉండి తుంపర్లతో సరిపెట్టుకుంటుంది. టీ ఆకు మెరుస్తుంది, మేఘం తోటలోకి వచ్చి పోతుంటుంది, గదుల అద్దె తగ్గుతుంది. కుటుంబాలను నడిపించడానికి నాకు అంతకంటే ఇష్టమైన కాలం లేదు. కోటగిరి దగ్గరి లాంగ్‌వుడ్ షోలా అడవిలో చెట్ల కింద నిలబడితే వాన ఆగాక కూడా పావుగంట సేపు ఆకుల మీది వాన కురుస్తూనే ఉంటుంది.

తూర్పు ముఖం వంతు ఈశాన్య రుతుపవనంలో వస్తుంది. అంటే చెన్నైలో మనం గొడుగు వెతుక్కునే నెలల్లోనే కూనూరు, కోటగిరి కూడా తడుస్తాయి. ఆ వానను తేలిగ్గా తీసుకోవద్దు. 2009 నవంబరులో అక్కడ కొండచరియలు విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. మేట్టుపాళయం నుంచి వచ్చే కొండ రైలు ఆగిపోయేదీ ఎక్కువగా ఈ రోజుల్లోనే. అందుకే అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు తొలి వారం దాకా ఘాట్ రోడ్డు దాటాల్సిన ఏ నడకనూ నేను ముందుగా ఖాయం చేయను. డబ్బు తీసుకుని వాయిదా వేస్తూ మాటలు పడటం కంటే అది నయం.

అపోహ: జలగ పట్టిందంటే ప్రమాదమే. ఉప్పు చల్లాలి, అగ్గిపుల్లతో కాల్చాలి.

వాస్తవం: వానాకాలం నడక అనగానే చాలామంది వెనకాడేది దీనికే. అడవి జలగ అగ్గిపుల్లంత ఉంటుంది. ఆకు అంచున నిటారుగా నిలబడి, మన ఒంటి వేడి, ఊపిరి పసిగట్టి అటూ ఇటూ ఊగుతుంది. కరిచినట్టు తెలియదు, సాక్సు మీద ఎర్రటి మరక కనిపించినప్పుడే తెలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం దాని లాలాజలంలో ఉంది కాబట్టి, జలగ ఊడిపోయాక కూడా కాసేపు కారుతుంది. భయపెట్టేది ఆ కారడమే. కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకుంటే ఆగిపోతుంది. ఉప్పు, నిప్పు వద్దు. బెదిరిన జలగ తాగినదాన్ని గాయంలోకే కక్కవచ్చు.

ఒకసారి మా బృందంలో టి.నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. ముందు నడుస్తున్న కుర్రాడు పిక్క పట్టుకుని గెంతుతుంటే ఆమె కర్ర పక్కన పెట్టి, సన్నగా ఉన్న కొస కిందికి గోరు పోనిచ్చి జలగను తోసేశారు. నోరు ఉండేది ఆ కొసనే. "మా ఊరి చెరువులో ఇంతకు నాలుగింతలు లావువి ఉండేవి నాయనా, కాలు ఇటు పెట్టు" అన్నారు. అప్పటి నుంచి జలగల పాఠం నేను ఆమె పద్ధతిలోనే చెబుతున్నాను.

అసలు జాగ్రత్త పడాల్సింది ఎండాకాలపు పిడుదుల విషయంలో. నువ్వుగింజంత పిడుదు కనిపించదు, ఊగదు. కర్ణాటకలో శివమొగ్గ, చిక్కమగళూరు వైపు అడవులకు వెళ్లేవారికి కోతి జ్వరం, అంటే క్యాసనూరు అటవీ వ్యాధి, వీటి వల్లే వస్తుంది. 1957లో శివమొగ్గ ప్రాంతంలో మొదట గుర్తించిన ఈ వ్యాధి డిసెంబరు నుంచి మే దాకా, నేల ఎండి ఉన్నప్పుడే ఎక్కువ. జలగకు హడలిపోయే మనిషి ఎండు ఆకుల మీద దుప్పటి లేకుండా పడుకుంటాడు. నాకు ఒళ్లు మండేది అప్పుడే.

అపోహ: అడవి అందరిదీ, దారి తెలిస్తే చాలు.

వాస్తవం: 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టింది. చెన్నై నుంచి వెళ్లినవారు కూడా అందులో ఉన్నారు. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ వారం నేను ఎవరి ఫోనూ ఎత్తలేకపోయాను. ఎండిన గడ్డిలో నిప్పు వాలు పైకి మనిషి పరుగు కంటే వేగంగా పోతుంది. మంట తన ముందున్న గడ్డిని వేడెక్కించుకుంటూ ఎక్కుతుంది. కొండ పైకి పరుగెత్తితే మంట కూడా మన వెంటే వస్తుంది.

ఆ ఏడాదే తమిళనాడు ట్రెక్కింగ్ నియమాలు తెచ్చింది. ఇప్పుడు అనుమతి, అటవీ శాఖ వెంట పంపే మనిషి లేకుండా అడవి దారి పట్టడం నేరం. 2024 అక్టోబరులో ప్రభుత్వమే 40 దారులను ఆన్‌లైన్ బుకింగ్‌కు తెరిచింది. పిల్లలు నడవగలిగినవి, కాళ్లు పట్టేసేవి అని విడివిడిగా చెప్పారు. మంటల భయం ఉన్న కాలంలో, సాధారణంగా ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా, వీటిని మూసేస్తారు. "మాకు తెలిసినవాళ్లు లోపలికి పంపిస్తారట" అని ఎవరైనా అంటే నేను ఆ బృందాన్ని వదులుకుంటాను. ఆ రెండు నెలలూ టీ తోటల మధ్య మట్టి దారులు, సైకిళ్లు, పక్షులను చూడటం, చెరువులో పడవలు మా పని. తక్కువేమీ కాదు.

అపోహ: డిసెంబరులో ఊటీలో మంచు కురుస్తుంది.

వాస్తవం: తప్పు మన భాషది కూడా. తెలుగులో మంచు అంటే అన్నీ మంచే: పొగలా కమ్మేదీ, గడ్డి మీద గడ్డకట్టేదీ, హిమాలయాల్లో కురిసేదీ. తమిళంలో దీన్ని "పని" అంటారు, గడ్డకడితే "ఉరైపని". ఒకసారి మా డ్రైవరు "రేపు పని ఎక్కువగా ఉంటుంది" అన్నాడు. మాతో వచ్చిన గుంటూరాయన కంగారుపడి, "సెలవు మీద వచ్చాం కదయ్యా, మళ్లీ పనేమిటి?" అని అడిగారు.

ఊటీలో హిమపాతం ఉండదు. నింగి నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని వదిలేస్తుంది. బరువైన చల్లగాలి జారి పల్లంలో చేరుతుంది. అక్కడి గడ్డి మీద తేమ గడ్డకడుతుంది. అందుకే శిఖరం ఎక్కితే దొరకదు, తలైకుందా లాంటి పల్లపు మైదానాలకు వెళ్లాలి. మబ్బు పట్టిన రాత్రయితే ఆశ వదులుకుని పడుకోండి. దొరికిన రోజున ఆరున్నరకు చూడాలి: ప్రతి గడ్డిపోచకూ చక్కెర అద్దినట్టు ఉంటుంది, బూటు కింద అప్పడం విరిగిన చప్పుడు, నిలిపి ఉంచిన స్కూటరు సీటు మీద వేలితో పేరు రాయవచ్చు. ఎండ కొండ దాటి తాకాక అదంతా కరిగి మామూలు తడి గడ్డి అయిపోతుంది. తొమ్మిదింటికి దోసెలు తిని బయల్దేరినవారు "ఏదీ మంచు?" అంటారు.

అపోహ: ఊటీ ఎత్తుకు వాంతులవుతాయి, ముందే మాత్ర వేసుకోవాలి.

వాస్తవం: ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. నీలగిరుల్లో అన్నిటికంటే ఎత్తయిన దొడ్డబెట్టే 2,637 మీటర్లు, అక్కడ మీరుండేది అరగంట. వాంతులు మలుపులవి. ఊటీ అంత ఎత్తులేని కొల్లి కొండల ఘాట్‌లో 70 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, నా బండిలో ఎక్కువ సంచులు ఖర్చయ్యేది అక్కడే. ఫోనులోంచి తలెత్తి దూరంగా చూడండి, ముందు సీటు పిల్లలకు ఇవ్వండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం మీ డాక్టరును అడిగే రండి.

అపోహ: చల్లగా ఉంది కదా, ఎండ తగలదు, దాహం వేయదు.

వాస్తవం: వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు పదో వంతు పెరుగుతాయి. టోపీ, నీళ్లు తప్పనిసరి. నీళ్లు ఇంటి సీసాలో తెచ్చుకోండి. ప్లాస్టిక్ సీసాలకు నీలగిరి జిల్లాలో నిషేధం ఉంది.

అపోహ: కురింజి పూలు ఏటా పూస్తాయి.

వాస్తవం: నీలకురింజి 12 ఏళ్లకోసారి. 2006, 2018 అయ్యాయి, ఇక 2030. మధ్యలో ఫొటోల్లో తిరిగేవి చాలావరకు దాని దాయాదులు.

అపోహ: చీకటి పడ్డాక కొండ మీద చలిమంట తప్ప ఏమీ ఉండదు.

వాస్తవం: చలిమంట వద్దు, పైకి చూడండి. ఏలగిరికి దగ్గరలోనే జవ్వాదు కొండల్లో, నక్షత్రాలను పరిశీలించే కావలూరు వేధశాల ఉంది. అక్కడి 2.34 మీటర్ల దుర్భిణి, ఆ వేధశాల ఖగోళ శాస్త్రవేత్త వైను బాప్పు పేరు మోస్తున్నాయి. ఆయన చెన్నైలో పుట్టి, తండ్రి నిజామియా వేధశాలలో పనిచేస్తుండగా హైదరాబాదులో పెరిగినవారు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటంతో కావలూరు నుంచి దక్షిణాకాశం కూడా బాగా అందుతుంది. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణాన కిందుగా అగస్త్య నక్షత్రం వెలుగుతుంది, సిరియస్ తర్వాత ఆకాశంలో అంత ప్రకాశవంతమైనది అదే. అమావాస్యకు దగ్గరి శనివారం ఎంచుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలైనా పడుతుంది, ఒక్క ఫోను తెర వెలిగితే మళ్లీ మొదటికి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి తెచ్చుకోండి.