డెంగ్యూకి బిళ్ళ ఎందుకు లేదు?

వానలు ముదిరేసరికి విజయవాడ సూర్యారావుపేట ల్యాబుల ముందు ఒకటే లెక్క వినిపిస్తుంది: ప్లేట్‌లెట్స్ ఎంతకు పడ్డాయి? నిన్న లక్షా ఇరవై వేలు, ఇవాళ ఎనభై వేలు. ఒకరు కివీ పళ్ళు తెమ్మంటారు, మరొకరు బొప్పాయి ఆకు రసం పట్టించమంటారు. ఈ హడావిడంతా జరిగే వేళకి చాలామంది రోగుల రక్తంలో అసలు వైరస్ దాదాపు ఖాళీ అయిపోయి ఉంటుంది. డెంగ్యూకి మందు ఇంకా రాకపోవడానికి పెద్ద కారణం ఇక్కడే ఉంది.

ఈ వైరస్ అడ్డుకొలత సుమారు 50 నానోమీటర్లు. ఇరవై వేల వైరస్‌లను వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. లోపల దాదాపు 11 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు, దాంట్లో పది ప్రొటీన్లకు సరిపడా సమాచారం, అంతే. పది ప్రొటీన్లలో మూడు దాని ఒంటికి, మిగతా ఏడు మన కణంలో చేయాల్సిన పనులకు. పైతొడుగు మీద 'ఈ' అనే ప్రొటీన్ 180 ప్రతులు జంటలు జంటలుగా పడుకుని ఉంటాయి.

పగటిపూట దోమ కుట్టినప్పుడు ఇది చర్మంలోని రోగనిరోధక కణాలకు అంటుకుంటుంది. కణం దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. అలా లోపలికొచ్చిన సరుకును అరిగించడానికి ఆ సంచిలో ఆమ్లం పెరుగుతుంది. మామూలుగా అయితే వచ్చినదాని కథ అక్కడితో ముగియాలి. డెంగ్యూ వైరస్ ఎదురుచూసేదే ఆ ఆమ్లం కోసం! పులుపు తగలగానే 'ఈ' ప్రొటీన్ జంటలు విడిపోయి, మూడేసి చొప్పున కలిసి నిటారుగా లేస్తాయి. వాటి కొనలు సంచి గోడలో దిగబడతాయి, వైరస్ పొరా సంచి పొరా కలిసిపోతాయి, ఆర్‌ఎన్‌ఏ కణంలోకి జారుతుంది. మనల్ని కాపాడే ఏర్పాటునే ఇంత చక్కగా తన పనికి మలుచుకుందంటే, జబ్బు చేసేదే అయినా మెచ్చుకోక తప్పదు.

తర్వాత పని మన రైబోజోములదే. అవి ఆ ఆర్‌ఎన్‌ఏను చదివి ఒకే పొడవాటి ప్రొటీన్ తయారుచేస్తాయి. దాన్ని ముక్కలు చేయడంలో వైరస్ సొంత ఎంజైమ్ ప్రొటియేజ్ చేయి వేస్తుంది. పాలిమరేజ్ అనే మరో ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏకు నకళ్ళు తీస్తుంది. ఎన్‌ఎస్‌1 అనే ప్రొటీన్ రక్తంలోకి కూడా వచ్చేస్తుంది. మొదటి రోజుల్లో ల్యాబ్ కిట్టు పట్టుకునేది దీన్నే.

యాంటీబయోటిక్ ఎందుకు పనిచేయదో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. బ్యాక్టీరియాకు సొంత గోడ, సొంత రైబోజోములు ఉంటాయి, మందు వాటిని కొడుతుంది. వైరస్ వాడుకునేవి చాలావరకు మనవే. దానికంటూ ఉన్న కాసిని ఎంజైములను వెతికి కొట్టాలి.

అలా కొట్టిన మందులు ఉన్నాయి. డెంగ్యూ వైరస్ కుటుంబానికే చెందిన హెపటైటిస్ సి వైరస్ సంగతే చూడండి. 2013లో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్‌బువిర్, ఒంట్లోకి వెళ్ళాక ఆర్‌ఎన్‌ఏ అక్షరంలాంటి రూపం తీసుకుంటుంది. పాలిమరేజ్ మోసపోయి దాన్ని పోగులో చేరుస్తుంది. ఒకవైపే కప్లింగ్ ఉన్న పెట్టెను రైలుకు తగిలిస్తే దాని వెనక ఇంకో పెట్టె ఎక్కనట్టు, నకలు అక్కడితో ఆగిపోతుంది. తోడు మందులతో కలిపి పన్నెండు వారాలు వాడితే నూటికి తొంభై అయిదుగురికి పైగా నయమవుతోంది. 2015 నుంచి హైదరాబాద్ నాట్కో కూడా దీన్ని తయారుచేస్తోంది.

మరి చుట్టానికి దొరికిన మందు డెంగ్యూకి ఎందుకు దొరకలేదు? హెపటైటిస్ సి కోసమే తయారైన బాలాపిరవిర్‌ను వియత్నాంలో డెంగ్యూ రోగులకు ఇచ్చి చూశారు. వైరసూ తగ్గలేదు, జ్వరమూ త్వరగా దిగలేదు. మందు సంగతి అటుంచి, అసలు చిక్కు వ్యవధిది. హెపటైటిస్ సి కాలేయంలో ఏళ్ళ తరబడి ఉంటుంది, నింపాదిగా మందు వాడుకోవచ్చు. డెంగ్యూ వైరస్ మాత్రం జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే ఉచ్చస్థాయికి చేరి, గబగబా పడిపోతుంది. ప్రమాదం వచ్చేది ఆ తర్వాత, జ్వరం దిగుతున్నప్పుడు. రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, కారిపోతుంది. అందులో మన రోగనిరోధక వ్యవస్థ ఆవేశానికీ, ఎన్‌ఎస్‌1కీ భాగముంది. అప్పుడు కావలసింది సరిగ్గా కొలిచి ఎక్కించే సెలైన్, తక్కువైనా ఎక్కువైనా ముప్పే. అందుకే డాక్టరు ప్లేట్‌లెట్స్‌తో పాటు పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, ఎంత పెరిగిందో కూడా చూస్తారు. సింగపూర్, మలేసియా ఆస్పత్రుల్లో జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, రక్తస్రావం లేకుండా ప్లేట్‌లెట్స్ ఇరవై వేలకు పడిపోయిన పెద్దవాళ్ళకు ముందుజాగ్రత్తగా వాటిని ఎక్కిస్తే రక్తస్రావమేమీ తగ్గలేదు. దాతల కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసే కుటుంబాలకు ఈ సంగతి ఇంకా చేరలేదనిపిస్తుంది.

ఇంకో మెలిక, డెంగ్యూలో నాలుగు రకాలున్నాయి. మొదటి రకానికి పుట్టిన యాంటీబాడీలు రెండో రకాన్ని పట్టుకుంటాయి గానీ పనిచేయకుండా ఆపలేవు. యాంటీబాడీ తోకను పట్టుకునే రోగనిరోధక కణం వైరస్‌నూ లోపలికి తీసుకుపోతుంది. టీకా తయారుచేసేవాళ్ళకు తలనొప్పి ఇదే. నాలుగింటికీ గట్టి రక్షణ ఇవ్వాలన్న లక్ష్యంతో తయారైన ఒక్క డోసు టీకాపై ఐసీఎంఆర్, పానాసియా బయోటెక్ కంపెనీ 2024 ఆగస్టులో మన దేశంలో మూడో దశ పరీక్షలు మొదలుపెట్టాయి.

బిళ్ళల్లో ఆశ పెట్టించింది మోస్నోడెన్‌విర్. వైరస్ నకళ్ళు తీసుకోవాలంటే ఎన్‌ఎస్‌3, ఎన్‌ఎస్‌4బి ప్రొటీన్లు జతకట్టాలి. ఈ అణువు ఆ జతను కుదరనివ్వదు. ప్రయోగశాలలో నాలుగు రకాల మీదా పనిచేసింది. దీన్ని జ్వరం వచ్చినవాళ్ళకు కాక, రానివాళ్ళకు ముందుగా ఇవ్వాలనుకున్నారు. అంటే సింగ్‌నగర్‌లో ఒక ఇంట్లో ఒకరికి ఎన్‌ఎస్‌1 పాజిటివ్ వస్తే, బిళ్ళ మింగాల్సింది ఇంట్లో మిగతావాళ్ళు. వ్యవధి చిక్కుకు నాకు సబబుగా తోచిన జవాబు ఇదొక్కటే. ఈ బిళ్ళను అలా ముందుగా ఇచ్చి పరీక్షిస్తున్న జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ, 2024 అక్టోబరులో తన పరిశోధన ప్రాధాన్యాలు మార్చుకుంటున్నామని చెప్పి ఆ పరీక్షను మధ్యలోనే నిలిపేసింది.